చిన్న క్లినిక్ నడిపే డాక్టర్లు స్టాఫ్ విషయంలో అడిగే ప్రశ్నలు: హైదరాబాద్‌లో లేబర్ చట్టాలు

నేను క్లినిక్‌లకి, డయాగ్నోస్టిక్ సెంటర్లకి, చిన్న నర్సింగ్ హోమ్‌లకి జీతాలు, పీఎఫ్ (రిటైర్మెంట్ పొదుపు), ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) పనులు చూస్తుంటా. డెంటల్ క్లినిక్ అయినా, పిల్లల డాక్టర్ అయినా, స్కాన్ సెంటర్ అయినా అందరూ దాదాపు ఇవే అడుగుతరు. పేషెంట్ విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే డాక్టర్లు స్టాఫ్ విషయంలో మాత్రం "మా సిస్టర్లు మా ఇంట్లో మనుషుల్లాంటి వాళ్లు, కాగితాలు ఎందుకండీ" అంటరు. ఇంట్లో మనిషే అనుకుంటే కాగితం ముందు ఆమెకే ఇయ్యాలి కదా. ఆ ఆయమ్మకి జబ్బు చేసినప్పుడో, ఆ సిస్టర్‌కి కాన్పు వచ్చినప్పుడో పనికొచ్చేది ఆ కాగితమే, అందుకే ఇదంతా ఒక్క చోట రాస్తున్న.

మాది డాక్టర్ కాకుండా నలుగురే ఉన్న క్లినిక్, మాకు కూడా ఈ చట్టాలు ఉంటయా?

ఉంటయి. ఒక్కరు పని చేసినా మినిమం వేజ్ ఉంటది, జీతం టైంకి ఇయ్యడం ఉంటది, ఆడ మగ తేడా లేకుండా ఒకే పనికి ఒకే జీతం ఉంటది, షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్ ఉంటది, 14 ఏళ్ల లోపు పిల్లల్ని పెట్టుకోకూడదన్నది ఉంటది. బయోమెడికల్ వేస్ట్ (వాడేసిన సూదులు, దూది లాంటి ఆస్పత్రి చెత్త) రూల్స్ అయితే ఒకే రూమ్ ఉన్న క్లినిక్‌కి కూడా వర్తిస్తయి, అందులో స్టాఫ్ టీకాల సంగతి ఉంది, కింద చెప్తా.

తర్వాత మెట్టు 10 మంది. ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం), మెటర్నిటీ లీవ్, లైంగిక వేధింపుల మీద ఇంటర్నల్ కమిటీ, ఇవన్నీ 10 దగ్గరే మొదలైతయి. ఆ పైన మెట్టు 20, అక్కడ పీఎఫ్, బోనస్. చిన్న క్లినిక్ ఓనర్ గుర్తు పెట్టుకోవాల్సిన నంబర్లు ఈ రెండే, మీకు మీరు చిన్న క్లినిక్ అనుకోవడం వల్ల ఏమీ మారదు.

కొత్త లేబర్ కోడ్‌లు వచ్చినయి కదా, పాత చట్టాలన్నీ పోయినట్టేనా?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చినయి, వేతనాల కోడ్, ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్, సోషల్ సెక్యూరిటీ కోడ్, ఇంకొకటి పని చోట భద్రత, ఆరోగ్యం మీద. 29 పాత కేంద్ర చట్టాలు వీటిల్లో కలిసిపోయినయి, అంటే మినిమం వేజెస్ యాక్ట్, గ్రాట్యుటీ యాక్ట్, మెటర్నిటీ బెనిఫిట్ యాక్ట్, ఈఎస్‌ఐ యాక్ట్ అన్నీ. పేర్లు మారినయి గానీ చాలా హక్కులు అట్లనే ఉన్నయి. తెలంగాణ షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ యాక్ట్ 1988 మాత్రం రాష్ట్ర చట్టం, అది ఎక్కడికీ పోలేదు. లైంగిక వేధింపుల చట్టం 2013 కూడా విడిగానే ఉంది. కాబట్టి "కోడ్‌లు వచ్చినయి, అన్నీ సెటిల్ అయ్యేదాకా ఆగుదాం" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

10 మంది అంటే ఎవరెవర్ని లెక్కపెట్టాలి?

ఇక్కడే ఎక్కువ మంది తప్పు లెక్క వేస్తరు. రిసెప్షన్, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసీ క్లినిక్‌దే అయితే ఫార్మసిస్ట్, ఆయమ్మ, వార్డ్ బాయ్, డ్రైవర్, పొద్దున ఒక గంట వచ్చి తుడిచి పోయే ఆమె, ఏజెన్సీ పంపిన సెక్యూరిటీ, జీతం మీద ఉన్న డ్యూటీ డాక్టర్, వీళ్లందరూ లెక్కలోకి వస్తరు. పార్ట్ టైం అని, ఏజెన్సీ మనిషి అని, జీతం 21,000 దాటిందని తీసెయ్యకూడదు, జీతం లిమిట్ అనేది ఎవరికి ఈఎస్‌ఐ కట్టాలి అన్నదానికి గానీ తలలు లెక్కపెట్టడానికి కాదు. సొంత ప్రాక్టీస్ అయితే ఓనర్ డాక్టర్ మాత్రం ఎంప్లాయీ కాదు.

ఇంకో సంగతి, ఒకసారి 10 మంది అయి ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ పరిధిలోకి వచ్చిన తర్వాత ఇద్దరు మానేసి 8 మంది మిగిలినా బయటికి రాలేరు.

కూకట్‌పల్లిలో ఒకటి, ఎల్బీ నగర్‌లో ఒకటి, రెండు బ్రాంచీలు ఉన్నయి, విడివిడిగా లెక్కేసుకోవచ్చా?

ఓనర్ ఒకరే, క్లినిక్ పేరు ఒకటే అయితే పీఎఫ్ వాళ్లు బ్రాంచీలన్నీ ఒకే సంస్థగా చూస్తరు, అక్కడ 11, ఇక్కడ 10 అంటే 21 కిందే లెక్క. లేబర్ రిజిస్ట్రేషన్ (షాప్స్ యాక్ట్ కింద చేసేది) మాత్రం ఏ బ్రాంచ్‌కి ఆ బ్రాంచే చేయించాలి. హైదరాబాద్‌లో ఇంకో చిక్కు ఉంది, మనం అంతా సిటీయే అనుకుంటం గానీ కూకట్‌పల్లి మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా, ఎల్బీ నగర్ రంగారెడ్డి జిల్లా. లేబర్ ఆఫీస్, కలెక్టర్ ఆఫీస్, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) అన్నీ జిల్లాని బట్టి మారతయి, అప్లికేషన్ పెట్టే ముందు మీ బోర్డు ఉన్న చోటు ఏ జిల్లాలో ఉందో చూసుకోండి.

క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ రిజిస్ట్రేషన్ ఉంది, మళ్లీ లేబర్ రిజిస్ట్రేషన్ ఎందుకు?

అది పేషెంట్ల కోసం, డీఎంహెచ్‌ఓ దగ్గర. ఇది పని చేసేవాళ్ల కోసం, లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర. క్లినిక్ మొదలుపెట్టిన 30 రోజుల్లో ఆన్‌లైన్‌లో చేసుకోవాలి. ఇది పెద్ద పని కూడా కాదు.

అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరా? నోటి మాట మీద చేరిన వాళ్లకి కూడానా?

కోడ్‌లు వచ్చినంక దీని మీద గట్టిగా ఉన్నరు, భద్రత కోడ్ కింద 10 మంది ఉన్న చోట ఉద్యోగి చేతికి లెటర్ ఇయ్యాల్సిందే, పాత వాళ్లకి కూడా. అంతకంటే తక్కువ ఉన్నా ఇయ్యండి అనే నేను చెప్తా. పేరు, పని, చేరిన తేదీ, జీతం విడివిడిగా, డ్యూటీ టైం, వారంలో సెలవు ఎప్పుడు, నోటీస్ ఎన్ని రోజులు, ఇంతే కదా, ఒక పేజీ. తెలుగులో రాసివ్వండి, ఆయమ్మకి ఇంగ్లిష్‌లో నాలుగు పేజీలు ఇచ్చి సంతకం పెట్టించుకుంటే అందులో ఏముందో ఆమెకి తెలియదు, రేపు గొడవైతే ఆ సంతకం మీకూ పెద్దగా కలిసిరాదు. నర్సు అయితే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్, ఫార్మసిస్ట్ అయితే ఫార్మసీ కౌన్సిల్ నంబర్ చూసి జిరాక్స్ ఫైల్లో పెట్టుకోండి. ఒరిజినల్స్ కాదు, జిరాక్స్.

మినిమం వేజ్ ఎంత ఇయ్యాలి?

పనిని బట్టి మారతది, స్కిల్డ్ అయితే ఒకటి, అన్‌స్కిల్డ్ అయితే ఒకటి. దాని మీద కరువు భత్యం అంటే వీడీఏ ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుద్ది. అందుకే ఇక్కడ ఒక అంకె రాస్తే ఆర్నెల్లకి పాతదైపోతది, లేబర్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో కొత్త ఆర్డర్ చూడండి. రెండేళ్ల కింద పెట్టిన జీతమే ఇంకా ఇస్తున్నరంటే అది ఇప్పుడు మినిమం కిందికి పోయి ఉండొచ్చు, ఎక్కువగా స్వీపర్, ఆయమ్మ జీతాల దగ్గరే ఇట్ల జరుగుతది ఎందుకంటే పెంచమని వాళ్లు అడగరు. తక్కువ ఇచ్చినట్టు తేలితే వేతనాల కోడ్ కింద 50,000 దాకా ఫైన్, ఐదేళ్లలో మళ్లీ దొరికితే మూడు నెలల జైలు గానీ లక్ష దాకా ఫైన్ గానీ రెండూ గానీ పడొచ్చు.

"ట్రైనీ, పని నేర్చుకుంటుంది" అని జీతం లేకుండా డ్యూటీ చేయించుకోవడం కూడా ఇదే కిందికి వస్తది. నిజంగా నేర్పాలని ఉంటే అప్రెంటిస్ పద్ధతి ఉంది, 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ మంది ఉన్న చోట పెట్టుకోవచ్చు, అందులో స్టైపెండ్ ఉంటది.

డ్యూటీ డాక్టర్ని, ఫిజియోథెరపిస్ట్‌ని కన్సల్టెంట్ అని రాసుకుని 10 శాతం టీడీఎస్ కట్ చేస్తున్నం, సరిపోద్దా?

వారానికి రెండు రోజులు వచ్చి తన పేషెంట్లని చూసుకుని, పర్సెంటేజ్ తీసుకుని, ఇంకో మూడు చోట్ల కూడా చూసే డాక్టర్ అయితే కన్సల్టెంటే. రోజూ మీరు చెప్పిన టైంకి వచ్చి, బయోమెట్రిక్ కొట్టి, లీవ్ కావాలంటే మిమ్మల్ని అడిగి, నెలకి ఫిక్స్‌డ్‌గా తీసుకునే మనిషి కాగితం మీద కన్సల్టెంట్ అని ఉన్నా ఉద్యోగి కిందే చూస్తరు. కోర్టులు పేరు చూడవు, మనిషి మీద మీ అదుపు ఎంత ఉంది, ఆ పని మీ క్లినిక్‌లో భాగమా కాదా అని చూస్తయి. ఫీజు మీద టీడీఎస్ కట్ చేయడం ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి, దాంతో లేబర్ చట్టం నుంచి బయటపడరు. నర్సుల్ని, రిసెప్షనిస్ట్‌ని కన్సల్టెంట్ అని రాసిన క్లినిక్‌లు కూడా ఉన్నయి, దయచేసి ఆ పని చెయ్యకండి.

ఈఎస్‌ఐ మేమెందుకు కట్టాలి? మా స్టాఫ్‌కి జ్వరం వస్తే మేమే చూస్తం కదా?

ఈ మాట దాదాపు ప్రతి డాక్టర్ నోటా విన్న, మంచి మనసుతోనే అంటరు. కానీ మీరు జ్వరం చూస్తరు, షుగర్ చూస్తరు, ఆయమ్మ మొగుడికి డయాలసిస్ కావాలంటే, సిస్టర్ వాళ్ల అమ్మకి క్యాన్సర్ అంటే మీ క్లినిక్ ఏం చెయ్యగలదు? ఈఎస్‌ఐ ఇంట్లో ఆధారపడ్డ వాళ్లకి కూడా వర్తిస్తది, సనత్‌నగర్‌లో మెడికల్ కాలేజీ, సూపర్ స్పెషాలిటీ ఉన్నయి, నాచారంలో హాస్పిటల్ ఉంది, అక్కడ లేని ట్రీట్‌మెంట్‌కి బయటికి రెఫర్ చేస్తరు. అదీ కాక జబ్బుతో ఇంట్లో ఉంటే జీతంలో 70 శాతం లెక్కన ఏడాదికి 91 రోజుల దాకా డబ్బు ఇస్తరు. ఇది మీరు చేతి నుంచి ఇయ్యగలిగేది కాదు.

లెక్క ఇది. నెల జీతం 21,000 దాకా ఉన్న వాళ్లకి, వికలాంగులైతే 25,000 దాకా. క్లినిక్ వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. 18,000 జీతం ఉన్న నర్సుకి మీరు కట్టేది 585, ఆమె నుంచి పట్టేది 135, మొత్తం 720 తర్వాతి నెల 15 లోపు కట్టాలి. ఆమె వాటా పట్టుకుని కట్టకుండా వాడేసుకోవడం చాలా సీరియస్ నేరం, ఆ డబ్బు మీది కాదు.

మధ్యలో జీతం 22,000 చేసిన్రనుకోండి, వెంటనే ఆపెయ్యకూడదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని రెండు పీరియడ్‌లు ఉంటయి, జీతం ఏ పీరియడ్‌లో పెరిగితే ఆ పీరియడ్ అయ్యేదాకా కట్టాలి.

ప్రైవేట్ గ్రూప్ ఇన్సూరెన్స్ తీసుకున్నం అంటే ఈఎస్‌ఐ మాఫీ అవ్వదు.

పీఎఫ్ సంగతి?

20 మంది ఉంటే తప్పనిసరి, తక్కువ ఉన్నా ఇష్టంతో చేరొచ్చు. 15,000 బేసిక్ మీద ఉద్యోగి 1,800, క్లినిక్ 1,800, క్లినిక్ వాటాలోంచి 1,250 పెన్షన్ ఖాతాకి పోతది. పైన ఇన్సూరెన్స్, అడ్మిన్ చార్జీలు కొంచెం ఉంటయి. ఇది కూడా 15వ తేదీ లోపే. బేసిక్ 6,000 పెట్టి మిగతా అంతా అలవెన్స్ అని రాసే పాత పద్ధతికి కోడ్ అడ్డుకట్ట వేసింది, అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటినంత మళ్లీ వేతనంలో కలుపుతరు. పీఎఫ్ 15,000 లిమిట్ మీదే కట్టేవాళ్లకి పెద్ద తేడా రాదు, గ్రాట్యుటీ లెక్క మాత్రం బాగానే పెరుగుతది.

పొద్దున 10 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 9:30, మధ్యలో ఇంటికి పంపిస్తం, ఇది ఓకేనా?

పని గంటలు లెక్కేస్తే ఎనిమిదిన్నర. షాప్స్ యాక్ట్‌లో రోజుకి 8, వారానికి 48. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం కమర్షియల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్‌కి రోజుకి 10 గంటల దాకా సడలింపు ఇచ్చింది, కానీ వారం 48 మారలేదు, దాటితే ఓవర్‌టైం, అదీ మామూలు రేటుకి డబుల్. ఎనిమిదిన్నర ఇంటూ ఆరు రోజులు అంటే 51, అంటే ప్రతి వారం మూడు గంటల ఓటీ మీరు బాకీ పడుతున్నట్టే.

చాలా మంది చూడనిది స్ప్రెడ్, అంటే పొద్దున వచ్చినప్పటి నుంచి రాత్రి పోయేదాకా మొత్తం 12 గంటలు దాటకూడదు. పైన చెప్పిన టైమింగ్స్‌లో పదకొండున్నర అయ్యింది, అంచు మీద ఉంది. డాక్టర్ గారు ఆపరేషన్ నుంచి లేట్‌గా వచ్చి ఓపీ పదింటికి అయిపోయి, సిస్టర్ రూములు సర్ది బయటపడేసరికి పదిన్నర అయితే దాటిపోయినట్టే. ఉప్పల్ నుంచో పటాన్‌చెరు నుంచో వచ్చే సిస్టర్ మధ్యాహ్నం మూడు గంటలు ఇంటికి పోయి రాలేదు, క్లినిక్‌లోనే స్టూల్ మీద కూర్చుంటది, ఆ టైంలో ఫోన్లు ఎత్తిస్తే, స్టాక్ సర్దిస్తే అది రెస్ట్ కాదు, డ్యూటీయే. కుదిరితే ఇద్దరికి రెండు షిఫ్టులు వెయ్యండి, మనుషులు ఎక్కువ కాలం నిలుస్తరు.

ఆడవాళ్లకి రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు మధ్య డ్యూటీ వెయ్యాలంటే వాళ్ల ఒప్పుకోలు ఉండాలి, భద్రత ఏర్పాట్లు మీరు చెయ్యాలి. ఒప్పుకోలు రాతలో తీసుకోండి, రాత్రి ఇంటికి చేర్చే బండి ఏర్పాటు కూడా చూడండి.

సెలవులు ఎన్ని?

వారానికి ఒక రోజు జీతంతో. ఏడాదిలో 240 రోజులు పని చేసిన వాళ్లకి 15 రోజులు పెయిడ్ లీవ్, జబ్బుకో అవసరానికో ఇంకో 12 రోజులు. జనవరి 26, ఆగస్ట్ 15, అక్టోబర్ 2 లాంటి జాతీయ సెలవులు, అవి కాక పండుగ సెలవులు. బతుకమ్మ, బోనాలు, రంజాన్‌కి ఎవరికి ఏది కావాలో ఏడాది మొదట్లోనే కూర్చుని లిస్ట్ రాసుకుంటే ఆ రోజు పొద్దున ఫోన్ స్విచ్ ఆఫ్ గొడవ ఉండదు.

స్టాఫ్‌కి సూది గుచ్చుకుంటే బాధ్యత ఎవరిది?

మీదే. ఇది మిగతా వ్యాపారాలకి లేనిది, మనకి మాత్రమే ఉన్నది, అయినా అన్నిటికంటే తక్కువ పట్టించుకునేది కూడా ఇదే అని నాకు చాలా బాధ.

బయోమెడికల్ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ 2016 ప్రకారం వేస్ట్ ముట్టుకునే ప్రతి ఒక్కరికి హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు వేయించడం క్లినిక్ బాధ్యత, చేరినప్పుడు ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకసారైనా హెల్త్ చెకప్, ట్రైనింగ్ కూడా అట్లనే, గ్లౌజులు, మాస్కులు, బూట్లు ఇయ్యాలి. ఇందులో ముఖ్యమైంది "ప్రతి ఒక్కరికి" అన్నది. డాక్టర్‌కి టీకా ఉంటది, సిస్టర్‌కి కాలేజీలోనే వేసి ఉంటరు, ఎర్ర కవర్, పసుపు కవర్ కట్టి కిందికి మోసుకుపోయే ఆయమ్మకి ఎవరూ వెయ్యరు, తెగిన గ్లౌజుతో ఆమే మోస్తది. హెపటైటిస్ బి మూడు డోసుల ఖర్చు ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు, ఈ రోజే మీ స్టాఫ్ లిస్ట్ ముందు పెట్టుకుని ఎవరికి వేసిన్రో ఎవరికి వెయ్యలేదో రాసుకోండి, ముందు వెయ్యాల్సింది ఆమెకే.

గుచ్చుకున్నప్పుడు ఏం చెయ్యాలో గోడ మీద తెలుగులో రాసి పెట్టండి. సబ్బు నీళ్లతో కడగాలి, పిండకూడదు, వెంటనే చెప్పాలి, సోర్స్ పేషెంట్ ఎవరో చూడాలి, అవసరమైతే హెచ్‌ఐవీ మందు అంటే పీఈపీ వీలైతే రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017 లో కూడా ఇట్లాంటి రిస్క్ ఉన్న చోట జాగ్రత్తలు, ట్రైనింగ్, పీఈపీ ఇయ్యడం యజమాని బాధ్యతే అని ఉంది. ఖర్చు స్టాఫ్ జీతంలోంచి పట్టకూడదు. గుచ్చుకుంది అని చెప్తే తిడతరని భయపడి రెండు రోజులు దాచిపెట్టే పిల్లలు ఉంటరు, ఆ రెండు రోజులే ప్రమాదం, కాబట్టి తిట్టకండి.

అదే చట్టం ప్రకారం ఉద్యోగం ఇచ్చే ముందు హెచ్‌ఐవీ టెస్ట్ అడగకూడదు, పాజిటివ్ అని తెలిసినా దాన్ని పట్టుకుని తీసెయ్యకూడదు. 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ మంది ఉన్న హెల్త్ కేర్ సంస్థలో దీని మీద ఫిర్యాదులు తీసుకునే ఆఫీసర్ ఒకరు ఉండాలి.

పని వల్ల ఇన్ఫెక్షన్ అంటుకుంటే దాన్ని వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా చూస్తరు, ఈఎస్‌ఐ ఉన్న వాళ్లకి అక్కడి నుంచి పరిహారం వస్తది. ఈఎస్‌ఐ లేని వాళ్లకి ఆ పరిహారం మీ చేతి నుంచే ఇయ్యాలి. 5 మందితో నడిపే క్లినిక్ ఓనర్‌కి ఈ ఒక్క కారణం చాలు ఇన్సూరెన్స్ తీసుకోడానికి.

సిస్టర్ ప్రెగ్నెంట్, చిన్న క్లినిక్ మాది, 26 వారాల జీతం ఎక్కడి నుంచి తేవాలి?

ఆమెకి ఈఎస్‌ఐ ఉండి, ముందు రెండు పీరియడ్‌లలో కనీసం 70 రోజుల కాంట్రిబ్యూషన్ ఉంటే పూర్తి జీతం ఈఎస్‌ఐయే ఇస్తది, మీ మీద పడదు. ఈఎస్‌ఐ టైంకి కట్టమని ఇంతగా చెప్పేది ఇందుకే. ఈఎస్‌ఐ పరిధి దాటిన వాళ్లకి, అంటే 21,000 పైన ఉన్న వాళ్లకి, 10 మంది ఉన్న చోట క్లినిక్ ఇయ్యాలి. కాన్పుకి ముందు 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు, అందులో 8 వారాలు కాన్పుకి ముందు తీసుకోవచ్చు, ఆ పైన పిల్లలకి 12 వారాలు. అబార్షన్ అయితే 6 వారాలు.

లీవ్‌లో ఉన్నప్పుడు తీసెయ్యడం చట్టవిరుద్ధం. "నువ్వే రిజైన్ చెయ్యమ్మా, తర్వాత చూద్దాం" అని రాయించుకోవడం కూడా అదే, గైనకాలజీ క్లినిక్‌ల్లో కూడా ఇది జరగడం చూస్తుంటే మనసు కలుక్కుమంటది. ఎక్స్-రే రూమ్‌లో పని చేసే అమ్మాయి అయితే చెప్పిన రోజే వేరే పనిలోకి మార్చండి.

ఇంటర్నల్ కమిటీ మాకు కూడా కావాలా?

10 మంది ఉంటే కావాలి, లేకపోతే 50,000 దాకా ఫైన్. 2013 చట్టంలో హాస్పిటల్స్, నర్సింగ్ హోమ్స్ పేరు పెట్టి మరీ ఉన్నయి. సీనియర్ ఉద్యోగిని ఒకరు చైర్‌పర్సన్, ఇద్దరు స్టాఫ్, బయటి నుంచి ఈ విషయాల మీద పని చేసే ఒకరు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లే ఉండాలి. ఓనర్ డాక్టర్ భార్యని చైర్‌పర్సన్‌గా పెడుతుంటరు, ఫిర్యాదు ఆ డాక్టర్ మీదే వస్తే ఏమవుద్దో ఆలోచించండి. ఓనర్ మీద ఫిర్యాదైతే, లేదా 10 మంది కంటే తక్కువ ఉంటే, జిల్లాలో ఉండే లోకల్ కమిటీకి పోవాలి. జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు, 90 రోజుల్లో విచారణ. పేషెంట్‌గా వచ్చిన ఆమె కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు, స్టాఫ్‌ని పేషెంట్ అటెండర్ వేధించినా ఆమెకి తోడు నిలబడే బాధ్యత మీదే.

మధ్యలో మానెయ్యకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకోవచ్చా? బాండ్ రాయించుకోవచ్చా?

సర్టిఫికెట్లు పెట్టుకోకండి. అవి ఆమె ఆస్తి. కేరళ నుంచో ఖమ్మం నుంచో వచ్చిన నర్సు సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేస్తే ఆమెని కట్టేసినట్టే.

బాండ్ వేరే సంగతి. ట్రైనింగ్ కోసం నిజంగా డబ్బు ఖర్చు పెడితే ఫలానా కాలం పని చెయ్యాలి, లేకపోతే ఇంత ఇయ్యాలి అని రాసుకోవచ్చు, 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంక్ కేసులో ఇట్లాంటి షరతు చెల్లుద్ది అన్నది. కానీ మొత్తం న్యాయంగా ఉండాలి, 15,000 జీతానికి రెండు లక్షల బాండ్ నిలబడదు. మానేసినంక పక్క వీధిలో క్లినిక్‌లో చేరకూడదు అన్న షరతు కాంట్రాక్ట్ యాక్ట్ 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు.

పని నచ్చకపోతే వెంటనే తీసెయ్యొచ్చా?

ఆరు నెలలు దాటిన మనిషిని సరైన కారణం లేకుండా తీసెయ్యడానికి లేదు, నెల నోటీస్ గానీ నెల జీతం గానీ ఇయ్యాలి. దొంగతనం, దురుసుతనం లాంటివి అయితే మెమో ఇచ్చి, ఆమె చెప్పేది విని, రాతలో పెట్టి అప్పుడు నిర్ణయం. వాట్సాప్‌లో "రేపటి నుంచి రావద్దు" అని పెడితే రేపు ఆ స్క్రీన్‌షాటే మీకు ఎదురైతది.

తీసేసినా, తానే మానేసినా లెక్క మొత్తం రెండు వర్కింగ్ డేస్‌లో సెటిల్ చెయ్యాలని కొత్త కోడ్ చెప్తుంది. వచ్చే నెల పదో తేదీన రమ్మనే అలవాటు ఇంక కుదరదు.

గ్రాట్యుటీ చిన్న క్లినిక్‌కి కూడానా?

10 మంది ఉంటే. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణించి, ఎన్నేళ్లు చేస్తే అన్నేళ్లతో గుణించాలి. 15,600 వేతనంతో ఏడేళ్లు చేసిన సిస్టర్‌కి 63,000. మామూలుగా ఐదేళ్లు నిండాలి, ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్ట్ మీద ఉన్న వాళ్లకి కొత్త కోడ్‌లో ఏడాదికే వస్తది. మనిషి చనిపోతే ఏళ్ల లెక్క చూడకుండా ఇంట్లో వాళ్లకి ఇయ్యాలి. పాత స్టాఫ్ ఉన్న క్లినిక్‌లు నెల నెలా కొంచెం పక్కకి తీసి పెట్టుకోండి.

లేట్ వచ్చినా, వస్తువు పగిలినా జీతంలో కట్ చెయ్యొచ్చా?

రాని టైంకి ఎంతో అంత కట్ చెయ్యొచ్చు. పావుగంట లేట్ అయితే సగం రోజు జీతం కట్ చెయ్యడం మాత్రం ఫైన్ అవుద్ది, ఫైన్ అయితే ఏ తప్పుకి ఎంతో ముందే రాసి పెట్టి ఉండాలి, ఆమె మాట వినాలి, నెల వేతనంలో 3 శాతం దాటకూడదు. పగిలిన దానికి నిర్లక్ష్యం ఉందని తేలితేనే. అన్ని కటింగులు కలిపి జీతంలో సగం దాటకూడదు. జీతం తర్వాతి నెల 7 లోపు, పే స్లిప్‌తో.

పేషెంట్ వాళ్లు స్టాఫ్ మీద చెయ్యి చేసుకుంటే?

2008 నాటి మెడికేర్ సర్వీస్ చట్టం ఉంది, నర్సులు, పారామెడికల్ వాళ్లు కూడా దాని కిందికి వస్తరు, మూడేళ్ల దాకా జైలు, 50,000 దాకా ఫైన్, పగలగొట్టిన దానికి రెండింతలు కట్టించొచ్చు. ఫిర్యాదు క్లినిక్ పేరు మీద మీరే ఇయ్యండి, ఆ అమ్మాయిని ఒక్కదాన్నే పోలీస్ స్టేషన్‌కి పంపకండి. ఎఫ్‌ఐఆర్‌లో ఆ చట్టం పేరు ఉందో లేదో చూసుకోండి.

ప్రొఫెషనల్ ట్యాక్స్ ఎంత పట్టాలి?

15,000 దాకా ఏమీ లేదు, 20,000 దాకా 150, ఆ పైన 200. తర్వాతి నెల 10 లోపు కట్టాలి.

ఇన్‌స్పెక్టర్ వస్తే ఏం చూపించాలి? డౌట్ ఉంటే ఎక్కడ అడగాలి?

ఎంప్లాయీ రిజిస్టర్, అటెండెన్స్, వేతనాల రిజిస్టర్, పే స్లిప్ కాపీలు, ఈఎస్‌ఐ పీఎఫ్ చలాన్లు, షాప్స్ సర్టిఫికెట్, కమిటీ ఆర్డర్, టీకాల రికార్డు. కంప్యూటర్‌లో ఉన్నా చాలు. కొత్త వేతనాల కోడ్‌లో ఇన్‌స్పెక్టర్ కేసు పెట్టే ముందు సరిదిద్దుకోడానికి రాతపూర్వకంగా టైం ఇయ్యాలి, ఐదేళ్లలో అదే తప్పు మళ్లీ చేస్తే మాత్రం ఆ అవకాశం ఉండదు. కాబట్టి నోటీస్ వస్తే భయపడి పక్కన పడెయ్యకుండా ఆ గడువులో జవాబు ఇయ్యండి.

లేబర్ కమిషనర్ ఆఫీస్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో, పీఎఫ్ ఆఫీస్ బర్కత్‌పురాలో. పోయేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబర్, స్టాఫ్ లిస్ట్, పోయిన మూడు నెలల జీతాల షీట్ పట్టుకుపోండి, అవి లేకుండా పోతే రేపు రమ్మంటరు.